సాంచాల చప్పుడులో మాట

సిరిసిల్లలో సాంచా నడిపిన మనిషిని బస్టాండులోనే గుర్తుపట్టవచ్చు. పక్కన కూర్చున్నవాడితో వీధి చివరకు వినిపించేలా మాట్లాడతాడు, లేదంటే అసలు గొంతే ఎత్తడు. అంబదాస్ రెండో రకం మనిషి.

మీసాలు రాకముందే మేనమామ వెంట మహారాష్ట్రలోని భీవండి పోయి మరమగ్గం పట్టాడు. కొన్నాళ్లకు సొంతూరికి తిరిగొచ్చాడు. అప్పటినుంచి యాభై దాటిన ఈ వయసు వరకూ ఆయన లోకమంతా ఒక రేకుల షెడ్డే. మరమగ్గాన్ని అక్కడివాళ్లు సాంచా అంటారు. షెడ్డులో సాంచాలన్నీ ఒక్కసారి ఆడుతున్నప్పుడు చెవిలో నోరుపెట్టి అరిచినా మాట అందదు. అందుకే కార్ఖానాలో ఎవరూ గొంతు ఖర్చుపెట్టరు. పెదవులు కదుపుతారు, చెయ్యి ఊపుతారు, కనుబొమ్మ ఎగరేస్తారు. చాయ్‌కి పోదామన్నా, పోగు తెగిందన్నా, ఆసామి వస్తున్నాడు జాగ్రత్త అన్నా అంతా పెదవులతోనే. ఆసామి అంటే సాంచాల యజమాని. అవతలివాడు ఆ పెదవులు చూసి సంగతి తెలుసుకుంటాడు. కొత్తగా వచ్చినవాడికి సాంచా పట్టుబడినంత తొందరగా ఈ మాట పట్టుబడదు. పట్టుబడ్డాక ఇంటికి పోయినా వదలదు. అన్నం తింటూ అంబదాస్ తలెత్తి పెదవులు కదిపితే, ఆయన భార్య దేవవ్వ నీళ్ల చెంబు ముందుకు జరుపుతుంది.

ఆ ఎండాకాలం గుండె పట్టుకున్నది కూడా షెడ్డులోనే. మధ్యాహ్నం ఎడమ దవడ గుంజింది, ఒళ్లంతా చెమట పోసింది. గ్యాస్ అనుకుని సోడా తాగి, ఒక బీడీ కాల్చి, మళ్లీ సాంచాల దగ్గరికే పోయాడు. పక్క సాంచాల మీద పనిచేసే ఓంప్రకాశ్ చూసి, ఏమైందని పెదవులతో అడిగాడు. ఏం లేదని అంబదాస్ పెదవులతోనే చెప్పాడు. చెప్పి, అక్కడే కూలబడ్డాడు. ఓంప్రకాశే ఆయన్ని ఆటోలో ఎక్కించి కరీంనగర్ దాకా తీసుకుపోయాడు. ఆరోగ్యశ్రీ మీద స్టంటు వేశారు.

ఇంటికి పంపించే రోజున డాక్టర్ విద్యాధర్ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"స్టంటు ఏసుడుతోని కథ అయిపోలేదు. మూసుకపోయిన నరం ఒక్కటి తెరిచినం, అంతే. మిగిలినయి మంచిగుండాలంటే నువ్వు మారాలె. వారానికి రెండుసార్లు ఇక్కడికొచ్చి మా కండ్ల ముంగట నడవాలె. ఏం తినాలె, ఎంత పని చెయ్యాలె, అన్నీ మా రచన మేడం నేర్పిస్తది."

అంబదాస్ అంతా విని ఒక్కటే అడిగాడు. "సాంచ ఎప్పుడు పట్టాలె సార్?"

"ఆ మేడం సరే అన్ననాడు."

ఆసామి లింగమూర్తి పండ్లు పట్టుకుని ఇంటికి చూడటానికి వచ్చాడు. చెడ్డ మనిషి కాదు. పోయేటప్పుడు గుమ్మంలో ఆగి, "దసరా దాకా నీ సాంచలు ఓంప్రకాశ్‌తోని ఎట్లనో నడిపిస్త. గంతకన్న ఆగలేను అంబదాసూ. ఆర్డర్ ఉంది" అన్నాడు. ఆ మాట అంబదాస్ గుండెలో స్టంటు పక్కనే కూర్చుంది.

ఇల్లు మారడం మొదలైంది. దేవవ్వ బీడీలు చేస్తుంది. సిరిసిల్లలో సగం ఇళ్లలో మగవాళ్లు సాంచాల మీద, ఆడవాళ్లు బీడీల చాట మీద. ఇన్నేళ్లూ అంబదాస్ బీడీ కొనుక్కున్నది లేదు. భార్య చాటలోంచి తీసుకోవడమే. ఇప్పుడు తంబాకు వాసన ఇంట్లో ఉంటే మనిషి ఆగడని దేవవ్వ చాటను, ఆకుల మూటను ఎత్తుకుపోయి పక్కింటి రామవ్వ అరుగు మీద పెట్టింది. సాయంత్రం కాళ్లు చేతులు కడుక్కున్నాకనే ఇంట్లోకి వచ్చేది. కూరలో ఉప్పు తగ్గింది. పచ్చడి జాడీ అటకెక్కింది. అంబదాస్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని భార్య వైపు చూసేవాడు. ఆమె పైన దూలాన్ని చూసేది.

కరీంనగర్ ఆసుపత్రి మేడ మీద పొడుగాటి హాలు ఉంది. ఒక పక్క నడిచే మిషన్లు, ఒక పక్క కదలని సైకిళ్లు. రచనది ఆదిలాబాద్. ముప్పై ఏళ్లు నిండని పిల్ల. వచ్చినవాళ్లందరినీ మరాఠీ కలిసిన వాళ్ల ఊరి అలవాటుగా, మగవాళ్లయితే కాకా అనో, ఆడవాళ్లయితే మౌశీ అనో పిలుస్తుంది. మొదటి రోజే ఛాతీకి తీగలు అంటించి, బీపీ చూసి, అంబదాస్‌ను మిషన్ ఎక్కించింది.

"కాకా, ఇక్కడ ఒక్కటే కానూన్. నడుచుకుంట మాట్లాడాలె. నేను అడుగుతుంట, నువ్వు చెప్తుండాలె."

పట్టా కదిలింది. కాళ్ల కింద నేల సన్నగా అదురుతోంది, మిషన్ ఒకటే శ్రుతిలో మోగుతోంది. పక్కన ఇంకో రెండు మిషన్లు, మూలన కూలర్. అంబదాస్‌కు ఆ అదురు తెలిసిన అదురే. చేతులు వాటంతట అవే సాంచా కోసం వెతుక్కున్నాయి.

"మీది ఏ ఊరు కాకా?" అని రచన అడిగింది.

సిరిసిల్ల అని అంబదాస్ చెప్పాడు. చెప్పాననుకున్నాడు.

"పిల్లలెంతమంది?"

ఒక్క బిడ్డ, మమతారాణి, పెళ్లయి కోరుట్లలో ఉందని చెప్పాడు. రచన ఆయన ముఖంలోకి చూసింది. పెదవులు తెరుచుకుని మూసుకుంటున్నాయి. గొంతు లేదు. ఆమె చెయ్యి చాపి మిషన్ వేగం తగ్గించింది.

ప్రతిసారీ అదే తంతు. బీపీ బాగుంటుంది, తెర మీద గుండె గీత బాగుంటుంది, మాట అడిగితే ఒట్టి పెదవులే కదులుతాయి, వేగం తగ్గుతుంది. మిషన్ దిగాక ఎట్లుందని అడిగితే, "మంచిగనే ఉంది మేడం" అంటాడు. బాగాలేని మగవాళ్లందరూ ఆ హాలులో చెప్పే మాట అదే కాబట్టి రచన దాన్ని నమ్మలేదు.

పక్క మిషన్ దయాకర్‌రావుది. జగిత్యాల వైపు పెద్ద భూస్వాముల కుటుంబం. ఆయనకు బైపాస్ అయింది. నడుస్తున్నంతసేపూ నోరు ఆగదు. వరి ధర, అల్లుడి కారు, తన మోకాలు, అన్నీ వరసగా చెప్పుకుంటూ పోతాడు. ఆయన మిషన్ వేగం వారం వారం పెరుగుతోంది.

"ఏమోయ్ అంబదాసూ, నా కన్న చిన్నోనివి, ఎడ్లబండి తీర్గ నడుస్తవేంది?" అన్నాడొకరోజు.

అంబదాస్ నవ్వాడు గానీ, బస్సులో కొత్తపల్లి దాటేదాకా ఆ మాటే నమిలాడు. పొట్ట ముందుకొచ్చిన ఆ పెద్దాయనకు ఉన్న దమ్ము తనకు లేదా? లోపల ఏదో పాడైంది, డాక్టర్లు చెప్పడం లేదు. ఈ పిల్ల ఎప్పటికీ సరే అనదు. దసరా వస్తుంది, సాంచాలు పోతాయి. సాంచా లేకపోతే తనెవరు? రామవ్వ అరుగు మీద ఆడవాళ్ల పక్కన కూర్చుని ఆకు కత్తిరించే మనిషి.

"ఇగ నేను పోను" అన్నాడు ఆ రోజు ఇంటికొచ్చి.

తర్వాతి నడక రోజున దేవవ్వ చీర మార్చుకుని తనే ముందు బస్టాండులో నిలబడింది.

"నువ్వెందుకు?"

"ఆడోళ్లకు బస్సు పుక్కట్నే గదా. గాలికి తిరిగొస్త. నువ్వు టికెట్ తీస్కొని రా."

హాలులో రచన ఆమెకు గోడ పక్కన కుర్చీ చూపించింది. అంబదాస్ మిషన్ ఎక్కాడు. పట్టా కదిలింది.

"కాకా, ఇయ్యాల పొద్దుగాల ఏం తిన్నవ్?" అని రచన అడిగింది.

అంబదాస్ పెదవులు కదిలాయి. రచన చెయ్యి మీట మీదికి పోబోతోంది. హాలు అవతలి గోడ దగ్గరినుంచి దేవవ్వ గట్టిగా అంది:

"అబద్దం! అటుకులు కాదు బిడ్డా, రెండు ఇడ్లీలు తిన్నడు, బస్టాండ్ల. నేను జూస్తననే సోయి గూడ లేదు!"

రచన చెయ్యి ఆగిపోయింది. "మీకెట్ల వినవడ్డది మౌశీ? నాకే వినవడలే."

"వినుడేంది?" దేవవ్వ లేచి దగ్గరికొచ్చింది. "మొకం మీద కనవడుతలేదా? అటుకులు అన్నడు గదా."

రచన మిషన్ ఆపేసింది. కార్ఖానా సంగతి దేవవ్వ చెప్పింది. పెళ్లికి ముందు తనూ అదే షెడ్డులో కండెలు చుట్టింది. దారం చుట్టే ఆ పిల్లలందరికీ పెదవుల మాట వచ్చు. అంబదాస్ తల వంచుకుని నిలబడ్డాడు, ఏదో తప్పు బయటపడ్డట్టు.

"మిషన్ నడుస్తుంటె నాకు గొంతు రాదు మేడం. ఎన్నడు రాలే" అన్నాడు.

"అయ్యో కాకా! నేనేమో దమ్ము అందుతలేదనుకున్న. ఇన్ని వారాలు నిన్ను ఊకెనే కిందికి గుంజిన." రచన నుదురు కొట్టుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "సూడు, మీరు వేసుకునే మాత్రలు గుండెను ఉరకనియ్యవు. అలిసిపోయినా గీ అంకెలు మంచిగనే చూపిస్తయి. అందుకే నేను మాటను చూస్త. మాట తెగకుంట వస్తే నడక సరిపోయినట్టు. నడిమిట్ల తెగుతుంటే తగ్గియ్యాలె. నువ్వు గొంతు దాచుకుంటె నాకేం తెలుస్తది, నీకేం తెలుస్తది?"

"ఏం మాట్లాడాలె మేడం? సార్ లెక్క నాకు పొలాలు లేవు, అల్లుని కారు లేదు."

పక్క మిషన్ మీదినుంచి దయాకర్‌రావు పకపకా నవ్వాడు. "నీ కథ చెప్పయ్యా. నా కథ విని విని ఈ పిల్ల చెవులు చిల్లులువడ్డయి."

అలా అంబదాస్ గొంతు విప్పాడు. మొదట్లో ఒక్కో మాట గొంతులోంచి తోడుకోవలసి వచ్చేది. మిషన్ చప్పుడులో తన గొంతు తనకే కొత్తగా, ఎవరో వెనకనుంచి మాట్లాడుతున్నట్టు వినిపించేది. తరువాత తరువాత అలవాటైంది. భీవండిలో ఒకే గదిలో పగలొకరు, రాత్రొకరు వంతులవారీగా పడుకున్న సంగతి చెప్పాడు. అక్కడి మరాఠీ ముక్కలు రెండు అంటే రచన మురిసిపోయి మరాఠీలోనే జవాబిచ్చింది. సిరిసిల్లకు తిరిగొచ్చాక షెడ్డులో కండెలు చుట్టే ఒక పిల్లను చూసిన సంగతీ చెప్పాడు.

"ఆమె అవ్వ ఆమె పక్కనే కూసుండేది. ముసలామెకు కండ్లు కానరావు. చెవులు మస్తు పనిచేస్తయి. సాంచల చప్పుట్ల చెవులేం జేస్తయి మేడం? అవ్వ ముంగటనే అన్నీ మాట్లాడుకున్నం. పెండ్లి చేసుకుంటవా అని సుత అక్కడినుంచే అడిగిన, రెండు సాంచల నడిమిలకెల్లి."

"ఓ సిగ్గులేనోడా!" దేవవ్వ కుర్చీలో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నదయ్యా?" దయాకర్‌రావు అటు తిరిగాడు. "బిడ్డా రచనా, నా మిషన్ జర తగ్గియ్యమ్మా, గీ పెండ్లి ముచ్చట అయిపోయేదాక."

"పోగు తెగింది సూస్కో అన్నది సార్."

హాలంతా నవ్వింది. అంబదాస్ మాట ఎక్కడా తెగలేదు. రచన నవ్వుతూనే వేగం ఒక మెట్టు పెంచింది. ఆ తర్వాత వారంలో ఇంకో మెట్టు.

ఆయన ఒంటి మీదికి ఏదో తిరిగొస్తోంది. పొద్దున మానేరు కట్ట వైపు నడిచివచ్చేవాడు. రామవ్వ అరుగు ముందునుంచి పోతున్నా చెయ్యి బీడీల చాట వైపు పోయేది కాదు. ఆ మెరుగే ఆయన్ని తొందరపెట్టింది.

బతుకమ్మకు ముందు ఒక మధ్యాహ్నం ఓంప్రకాశ్ చాయ్ దుకాణం దగ్గర కలిశాడు. "అన్నా, నీతోని దాసుడెందుకు. ఆసామి దసరా దాకా గూడ ఆగుతలేడు. రేపటిసంది వెంకటి అని కొత్త పిలగాడు వస్తుండట. నీ నాలుగు సాంచల మీదనే."

అంబదాస్ చాయ్ గ్లాసు కింద పెట్టి నేరుగా షెడ్డుకు పోయాడు. రచనను అడగలేదు. దేవవ్వకు చెప్పలేదు. అన్నం తిని అప్పుడే బయటికి వచ్చాడు, ఎండ రేకుల మీద కొలిమిలా ఉంది. అయినా గుమ్మం దాటగానే ఆ చప్పుడు ఒంటిని పట్టుకుంది. నూనె వాసన, గాలిలో తేలే దూది, నేల అదురు. తన సాంచాలు తనవే. తెగిన పోగు ముడేశాడు, అటూ ఇటూ ఉరికే నాడెలో కండె మార్చాడు, ఒకదాని మీదినుంచి ఇంకోదానికి పోయాడు. చేతులు ఏదీ మరచిపోలేదు.

వెనకనే వచ్చిన ఓంప్రకాశ్ ఎదుట నిలబడి, ఆ మేడం ఒప్పుకున్నదా అని పెదవులతో అడిగాడు. ఒప్పుకున్నదని అంబదాస్ పెదవులతో చెప్పాడు.

ఒక సాంచాకు దారం అయిపోయింది. కొత్త భీమ్ ఎక్కించాలి. నిలువుపోగు చుట్టి ఉండే ఆ దూలాన్ని ఎప్పుడూ ఇద్దరు ఎత్తుతారు. ఓంప్రకాశ్ వద్దని చెయ్యి ఊపాడు. అంబదాస్ అప్పటికే ఒక కొస పట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టి ఎత్తాడు. దించాక కళ్ల ముందు మెరుపులు తిరిగాయి. పైకి చూపించలేదు. ఎట్లుందని ఓంప్రకాశ్ అడిగాడు. మంచిగుందన్నాడు. కూర్చోమన్నాడు. అవసరం లేదన్నాడు. పెదవులు ఎక్కడా తడబడలేదు. రెండు సాంచాల నడుమ ఆయన మామూలుగానే మాట్లాడుతున్నాడు. చూసినవాళ్లెవరైనా అలాగే అనుకునేవారు. ఆయన కూడా అలాగే అనుకున్నాడు.

అప్పుడు కరెంటు పోయింది.

సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. చెవుల్లో గుయ్యిమనే నిశ్శబ్దం. ఆ మూలనా ఈ మూలనా మనుషుల గొంతులు మేలుకున్నాయి. ఎవరో కరెంటు వాళ్లను తిట్టారు, ఎవరో దగ్గారు. "అన్నా, గా భీమ్ జర ఇటు జరుపుదామా?" అని ఓంప్రకాశ్ గొంతు స్పష్టంగా వినిపించింది.

అంబదాస్ జవాబు చెప్పాడు. పెదవులు కదిలాయి. ఎప్పటిలాగే అన్ని మాటలూ కదిలాయి. గొంతు మాత్రం లేదు. మళ్లీ చెప్పబోయాడు. ఒక ముక్క బయటికొచ్చి తెగిపోయింది, ఆ వెనక ఈల వేసినట్టు ఒట్టి ఊపిరి. అంత నిశ్శబ్దంలో తన రొప్పు తనకు వినిపించింది. ఎంతసేపటినుంచి అలా రొప్పుతున్నాడో తెలియలేదు. చొక్కా మొత్తం తడిసి ఉంది.

"కూసో! అన్నా, కూసో!" ఓంప్రకాశ్ ఆయన్ని పట్టి నేల మీద కూర్చోబెట్టాడు.

దేవవ్వ చెప్పులు లేకుండా ఉరికొచ్చింది. అంబులెన్సులో కరీంనగర్ పోయేదాకా ఆమె ఆయన్ని వదలలేదు, తిట్టనూ లేదు. అది చూసే అంబదాస్ ఎక్కువ భయపడ్డాడు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్ విద్యాధర్ వచ్చి, నసీబు బాగుంది, స్టంటు తెరిచే ఉంది, గుండెకు కొత్త దెబ్బ తగల్లేదన్నాడు. "తిన్న వెంటనే పని, గా ఎండ, గా బరువు, అన్నీ ఒకటే రోజున మీదేసుకుంటే ఎట్లయ్యా?" అని వెళ్లిపోయాడు. మర్నాడు రచన మంచం దగ్గరికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎందుకు పోయినవ్ కాకా?"

"నా జాగల ఇంకొకడు నిలవడుతడని." అంబదాస్ దుప్పటి కొస సర్దాడు. "నాకు తెల్వలే మేడం. నిజంగ తెల్వలే. మంచిగనే మాట్లాడుతున్న అనుకున్న."

రచన ముఖం మారింది. ఆ మాట ఆమె ఎదురుచూసింది కాదు. "గొంతుతోనా, పెదవులతోనా?"

"అక్కడ గొంతెవ్వరు వింటరు?"

"నువ్వే చెప్పినవ్ గదా, మొదటిసారి గుండె పట్టుకున్ననాటి సంగతి. అప్పుడు గూడ పెదవులతోనే, గదా? సోడా తాగి బీడీ కాల్చినప్పుడు. ఏం లే అని ఓంప్రకాశ్ కాకాకు చెప్పినప్పుడు."

అంబదాస్ ఆలోచించి తలూపాడు.

"ఊపిరి లేకున్నా వచ్చే మాట అది. మీది ఒడువని మాట, ఎంత అలిసినా తెగదు" అంది రచన. "నీకు నువ్వే అబద్ధం చెప్పుకుంటున్నవ్, నీకే తెల్వకుండ." ఆమె కిటికీ బయటికి చూస్తూ ఏదో లెక్కేసుకుంది. "సాంచ వద్దు అని నేను అనను. ఎట్ల చేస్తవో నాకు చూపెట్టు. నేనెప్పుడు చూడలే."

ఒంటికి మళ్లీ సత్తువ వచ్చాక హాలులో ప్లాస్టిక్ కుర్చీలతో షెడ్డు వేశారు. నాలుగు కుర్చీలు నాలుగు సాంచాలు. ఒక కుర్చీ తక్కువైతే దయాకర్‌రావు వచ్చి దాని స్థానంలో నిలబడి, "నన్ను సాంచ అనుకో. నూనె మాత్రం పోయకు" అన్నాడు. అంబదాస్ వాటి నడుమ తిరిగాడు, వంగాడు, పక్కకు అడుగులేశాడు, చెయ్యి చాపాడు. రచన వెంట వెంట తిరుగుతూ మాట అడుగుతూనే ఉంది. ఎక్కడ మాట తెగుతోందో అక్కడ ఆపింది. నాలుగు కుర్చీల మధ్య తెగింది. రెండింటి మధ్య తెగలేదు. వంగేటప్పుడు ఊపిరి బిగబడుతున్నాడని చూసి, ఊపిరి వదులుతూ వంగడం నేర్పింది. భీమ్ జోలికి మాత్రం పోవద్దంది. పని మొదలుపెట్టే ముందు కాసేపు మెల్లగా నడవాలి. అన్నం తిన్న వెంటనే షెడ్డులో అడుగు పెట్టకూడదు. చివరి షరతు చెప్పినప్పుడు అంబదాస్ ఎగిరిపడ్డాడు.

"గొంతిప్పి మాట్లాడాల్నా? సాంచల కాడ? ఎవ్వనితోని మేడం? పిచ్చిలేసిందంటరు."

"అననియ్. ఎవ్వరు వినకున్నా నీ లోపల నీకు తెలుస్తది. మాట తెగితే సాంచ బందుపెట్టి కూసోవాలె. నాకు మాటియ్యి."

అంబదాస్ మాటిచ్చాడు. గొంతుతోనే ఇచ్చాడు.

లింగమూర్తి దగ్గరికి దేవవ్వ, ఓంప్రకాశ్ కలిసి పోయారు. ఆసామి ముందు ఒప్పుకోలేదు. "సగం మనిషిని పెట్టుకొని నేనేం జెయ్యాలె?" అన్నాడు.

"సగం మనిషి కాదు సావుకారి. సగం సాంచలు" అంది దేవవ్వ. "వెంకటికి రెండు, ఈయనకు రెండు. భీమ్ వెంకటి ఎత్తుతడు. పిలగానికి పని నేర్పుడు ఈయన వంతు. ఆ పిలగాడు వచ్చిన కాడినుంచి గుడ్డ ఎంత ఖరాబైందో నీకే ఎరుక."

గుడ్డ ఖరాబవుతున్న మాట నిజం. లింగమూర్తి కాసేపు మెడ రుద్దుకుని, కిటికీ పక్క రెండు సాంచాలు, పొద్దుటి పూట మాత్రం అన్నాడు. మిగతా రెండింటి మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. అంబదాస్‌కు ఆ రెండూ పోవడం బాధే. చాలా రోజులు వాటి వైపు చూడకుండా పనిచేశాడు.

దసరా వెళ్లిన సోమవారం ఆయన మళ్లీ షెడ్డులో నిలబడ్డాడు. ముందుగా వాకిట్లో మెల్లగా నాలుగు చుట్లు తిరిగాడు. ఓంప్రకాశ్ మీట వేశాడు. రెండు సాంచాలు ఊపందుకున్నాయి. అంబదాస్ నోరు తెరిచాడు. ఏం మాట్లాడాలో తోచక ముందు సాంచానే తిట్టాడు. తరువాత బస్సు కండక్టరును. తరువాత దయాకర్‌రావుకు చెప్పకుండా మిగిలిన భీవండి ముచ్చట ఒకటి మొదలుపెట్టాడు. ఆ హోరులో ఒక్క ముక్క కూడా చెవికి అందలేదు. కానీ గొంతు అదురు మెడలో తెలిసింది, పక్కటెముకల్లో తెలిసింది. సాంచాలది ఒక అదురు, తనది ఒక అదురు. ఇన్నేళ్లలో ఆ షెడ్డులో తన గొంతు తనకు తెలియడం అదే మొదలు.

వెంకటి వింతగా చూశాడు. ఎవరితో మాట్లాడుతున్నాడని ఓంప్రకాశ్‌ను పెదవులతో అడిగాడు. ఓంప్రకాశ్ తన ఛాతీ మీద చెయ్యి వేసి, గుండెతో అన్నట్టు చూపించాడు.

పూట అయ్యే వేళకు దేవవ్వ టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. దూరంనుంచే ఆయన పెదవులు చూసింది. కదులుతున్నాయి. ఏదో ఏకరువు పెడుతున్నాడు. ఇన్నేళ్లుగా ఆ పెదవులు చదివిన మనిషి. అయినా ఆ రోజు గుమ్మంలోనే ఆగిపోయింది. గొంతుతో అంటున్నాడా, ఉత్తుత్తి పెదవులేనా, చూసి చెప్పడం ఆమె వల్ల కూడా కాలేదు. అంబులెన్సు ఎక్కిన రోజున కూడా ఆ పెదవులు ఇలాగే కదిలి ఉంటాయి.

డబ్బా కిటికీలో పెట్టి, సాంచాల సందులోంచి పోయి, ఆయన వెనక నిలబడి, వీపు మీద అరచెయ్యి ఆనించింది.

అంబదాస్ ఉలిక్కిపడి తల తిప్పాడు. చూసి, ఆపకుండా ఏదో అన్నాడు. దేవవ్వ పెదవులు చదివింది: కూరల ఇయ్యాల గూడ ఉప్పు ఎయ్యలే గదా. అరచేతి కింద ఎముకల్లోంచి మాట సన్నగా, విడవకుండా అదురుతూ వచ్చింది. మొదటినుంచి చివరిదాకా ఎక్కడా తెగలేదు.

ఆమె చెయ్యి తియ్యలేదు. పెదవులు కదిపి జవాబు చెప్పింది: ఎయ్యలే. ఎయ్య గూడ ఎయ్య. పోగు తెగింది, సూస్కో.